మూడు నిమిషాల గొంతు

జిల్లా అర్జీల కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చేవాళ్లు గొంతును కూడా అక్కడే అప్పగించి వెళ్లాలి. పదిహేను రోజుల తర్వాత రసీదు చూపిస్తే మూడు నిమిషాలకు కుదించి తిరిగి ఇస్తారు. అందులో ఏ మాటలు మిగిలితే, ఆ మనిషి బతికినంత కాలం వాటితోనే నెట్టుకురావాలి. మొదట్లో కొందరు గోల చేశారు. గొంతులు తిరిగి తీసుకున్నాక వాళ్లూ చేయలేదు.

కుదించే పని సదానంద పట్నాయక్‌ది. పన్నెండేళ్ల సర్వీసు, రోజుకు నలభై గొంతులు. మౌస్ ముట్టుకుంటే ఆలస్యమని సర్క్యులర్ ఉంది కాబట్టి పనంతా కీబోర్డు మీదే. కుడి బాణం నొక్కితే పది సెకన్లు ముందుకు, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఐదు నిమిషాలు. స్పేస్ బార్ నొక్కితే మామూలుగా వినిపిస్తుంది. దాని జోలికి ఆయన పోడు. అన్నిటికన్నా పనికొచ్చేది ఎన్ కీ. అది నిశ్శబ్దాన్ని దాటించి, గట్టిగా పలికిన తర్వాతి మాట దగ్గర దింపుతుంది. తెర మీద గీత ఎత్తుగా లేచిన చోట ఆయన ఒక ముక్క కోసి, ఉంచాల్సిన వాటిలో పెడతాడు. వింటూ కూర్చుంటే నలభై ఎక్కడవుతాయి?

అప్పయ్యమ్మ సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై ఆమె కూతురు చనిపోయింది. హాజరు పట్టీలో ఆ పేరే లేదని, అలాంటి పిల్ల తమ దగ్గర పని చేయలేదని మేనేజరు తేల్చేశాడు. అప్పయ్యమ్మ ఆరు గంటల నలభై నిమిషాలు చెప్పింది. రికార్డింగ్ ఆపేశాక, గొంతు అప్పగించే ముందు, పట్నాయక్ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

“బాబూ, మిగతాదంతా కోసీండి, నానేటీ అనను. మా గుంట పేరొక్కటి ఉంచీండి. కుసుమ. పిలుసుకోడానికి ఉండాల గదా.”

“ఉంచుతానమ్మా,” అన్నాడు పట్నాయక్. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఎన్ కీ మీద ఆ ఫైలు పదకొండు నిమిషాల్లో అయిపోయింది. రేషన్ కార్డు నంబరు దొరికింది. బస్సు కండక్టరుతో తగువు దొరికింది. పేరు దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి నొక్కాడు, దొరకలేదు. బల్ల దగ్గర చెప్పింది రికార్డింగ్ ఆగాక చెప్పింది కాబట్టి లెక్కలోకి రాదు. చివరికి స్పేస్ బార్ నొక్కి విన్నాడు. కూతురి దాకా వచ్చేసరికి ఆమె గొంతు అణిగిపోతోంది. ఏదో అంటోంది, పేరే కావచ్చు, కానీ అంత మెల్లగా అన్నదాన్ని మెషిన్ నిశ్శబ్దం కింద జమకట్టి దాటేస్తోంది. పోయిన పిల్ల పేరు ఎవరు గొంతెత్తి చెబుతారు? పేరు స్పష్టంగా పడిన చోటు కావాలంటే ఆరు గంటల నలభై నిమిషాలూ వినాలి. పట్నాయక్ వినడం మొదలుపెట్టాడు.

పావుగంటకే సూపరింటెండెంట్ విమలాదేవి గారు వచ్చారు.

“ఏంటండీ, ప్లే చేస్తున్నారా?”

“ఒక్క పేరు వెతుకుతున్నానండి.”

“మీరు వింటూ కూర్చుంటే మిగతా ముప్పైతొమ్మిది మందికి గడువు దాటిపోతుంది. అన్నాళ్లూ వాళ్లు మూగగా ఉండాలి. మీకు న్యాయంగా ఉందా?”

ఆవిడ మాటలో తప్పు పట్టడానికేం లేదు. పట్నాయక్‌కు సిగ్గేసింది. ఎన్ కీ నొక్కాడు.

పదిహేనో రోజున అప్పయ్యమ్మ గొంతు తీసుకుంది. కౌంటరు దగ్గరే కూతుర్ని పిలవబోయింది. పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. మరోసారి ప్రయత్నించింది. తర్వాత పట్నాయక్ వైపు తిరిగి, కళ్లెర్రజేసి, తిట్టడానికి నోరు తెరిచింది.

“బాగానే ఉన్నాం బాబూ,” అంది.

రికార్డింగ్ మొదట్లో ఎలా ఉన్నారని ఎవరో అడిగితే, మర్యాదకి, మైకు దగ్గరగా అన్న మాట అది. గీత చాలా ఎత్తుగా లేచింది. పట్నాయక్ రిజిస్టరు తెరిచాడు. అర్జీదారు అభిప్రాయాన్ని ఆమె సొంత మాటల్లోనే రాయాలని నిబంధన ఉంది కాబట్టి, ఉన్నదున్నట్టు రాశాడు.

మూడు నిమిషాల ప్రతి ఒకటి ఫ్యాక్టరీకి వెళ్లింది. ఫిర్యాదులో కూడా కుసుమ అనే పేరు ఎక్కడా లేదు కాబట్టి హాజరు పట్టీతో సరిపోయిందని కేసు మూసేశారు. మూసేసే ముందు విచారణ అధికారి ఊరికి వెళ్లి, మీకు కూతురుండేదా అని అప్పయ్యమ్మనే నేరుగా అడిగాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసి, రేషన్ కార్డు నంబరు చెప్పింది.