లాంచీలో జాకెట్టు ముక్కల మిస్టరీ

విజయవాడలో నేరాలు ఇంకా జరుగుతున్నాయంటే దానికి కారణం ఒక్కటే. సాంబమూర్తి పగలంతా పటమటలో చీరల కొట్టు చూసుకోవలసి వస్తోంది. లేకపోతే ఈపాటికి పోలీసులందరూ వేరే ఉద్యోగాలు వెతుక్కుంటూ ఉండేవారు. ఈ మాట అన్నది సాంబమూర్తే. విన్నది అతని కొట్లోనే గుడ్డలు కొలిచే బావమరిది హరిబాబు. ముప్పై ఏళ్ళుగా వింటున్నాడు.

అపరాధ పరిశోధనలో సాంబమూర్తి అనుభవం తక్కువది కాదు. కిందటేడు తమ వీధిలో పాలపాకెట్లు మాయమవుతుంటే పదకొండు రోజులు మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకాల కాపు కాసి, ఎదురింటి వెంకటప్పయ్యగారే దొంగ అని తేల్చాడు. పన్నెండో రోజున పాకెట్టు వీధికుక్క నోట్లో దొరికింది. "ఆ కుక్కకి ట్రైనింగు ఇచ్చిందెవరు?" అని సాంబమూర్తి వేసిన ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ సమాధానం చెప్పలేదు. వెంకటప్పయ్యగారైతే అసలు మాట్లాడడమే మానేశారు.

అంతటి మనిషి భార్య పోరు పడలేక విహారయాత్రకు బయలుదేరాడు. భవానీపురం రేవు నుంచి కృష్ణలో ఎగువకు తీసుకెళ్ళి, రెండు రోజులు తిప్పి తీసుకొచ్చే పడవ. చూడబోతే రెండంతస్తుల లాంచీ. టిక్కెట్టు మీద మాత్రం క్రూజ్ అని వేశారు, ఆ మాటకు తగ్గ ధర కూడా వేశారు. వెంట భార్య చౌడేశ్వరమ్మ, ఆవిడ తమ్ముడు హరిబాబు, ఒక పెద్ద బట్టల మూట. సరుకు లేకుండా సాంబమూర్తి గుమ్మం దాటడు. పడవలో ఆడవాళ్ళుంటారు, ఆడవాళ్ళున్నచోట జాకెట్టు ముక్కలు అమ్ముడుపోతాయి అని అతని ఆశ. పెడన కలంకారీ ముక్కలు ఒక కట్ట, జరీ అంచు పంచెలు ఒక కట్ట కేబిన్ బీరువాలో సర్దించాడు.

మంచం మీద ఇంగ్లీషు కాగితం ఒకటి కనబడింది. సాంబమూర్తి దాన్ని భూతద్దంతో చదివాడు. అక్షరాలు మామూలు సైజులోనే ఉన్నాయి.

"హరీ, ఇది చూశావా? సిబ్బంది సేవ నచ్చితే టిప్పు రిసెప్షన్ దగ్గరున్న పెట్టెలోనే వెయ్యాలట. ఎవరి చేతికీ ఇవ్వకూడదట. పుచ్చుకున్నవాళ్ళని ఉద్యోగంలోంచి తీసేస్తారట. దీన్నిబట్టి నీకేం అర్థమైంది?"

"టిప్పు పెట్టెలో వెయ్యాలని అర్థమైంది బావగారూ."

"అందుకే నువ్వు గుడ్డలు కొలుస్తున్నావు, నేను బుర్ర వాడుతున్నాను. ఇక్కడ ఏదో ముఠా ఉందిరా. లేకపోతే ఇంత భయం దేనికి?" సాంబమూర్తి కాగితం మడిచి సాక్ష్యంగా జేబులో పెట్టుకున్నాడు. "అసలు టిప్పేంటి? టిక్కెట్టుకి పోసిన డబ్బులో వాళ్ళ నవ్వుమొహం కూడా కలిసే ఉంది. మన కొట్లో పదివేల చీర కొన్నావిడ నాకేమన్నా టిప్పిచ్చిందా? చౌడేశ్వరీ, ఎవరికీ పైసా ఇవ్వడానికి వీల్లేదు. విన్నావా?"

"విన్నాను లెండి" అంది చౌడేశ్వరమ్మ.

విన్నానంది గానీ సరేనని అనలేదు. ఈ తేడా హరిబాబు గమనించాడు, డిటెక్టివు గమనించలేదు.

టిప్పు విషయంలో మనవాళ్ళ మర్యాదలన్నీ భోజనాల దగ్గర బయటపడ్డాయి. హనుమాన్ జంక్షన్ రొయ్యల వ్యాపారి ఒకాయన మొదటి పూటే వడ్డించేవాడి జేబులో నోటు కుక్కి, చేపల పులుసులో నడిముక్కలన్నీ తన కంచంలోకి మళ్ళించుకున్నాడు. రిటైరైన ఇంజనీరుగారు ఎవరెవరు ఎంతిస్తున్నారో కనుక్కుని, అందరికంటే పది రూపాయలు తక్కువ ఇద్దామని ఆగారు. ఇంకొకాయనకు పెట్టె దగ్గరికి రాగానే ఫోన్ వచ్చేది. నడి కృష్ణలో ఎవరికీ సిగ్నల్ లేదు, ఆయనకు మాత్రం ఉంది. సాంబమూర్తి ప్రతి ఉద్యోగికీ ఒక సలహా ఇచ్చాడు. దానికి ఖర్చు లేదు.

రెండో రోజు పొద్దున్నే బీరువా తెరిస్తే ఆరు జాకెట్టు ముక్కలు, మూడు పంచెలు లేవు. సాంబమూర్తి మొహం వెలిగిపోయింది. సరుకు పోయిందని గుండె బాదుకునే వ్యాపారి అతనిలో ఉన్నాడు గాని, కేసు దొరికిందని గంతులేసే పరిశోధకుడు వాణ్ణి పక్కకు నెట్టేశాడు.

"హరీ! తాళం పగల్లేదు. వేలిముద్ర లేదు. నెత్తుటి చుక్క లేదు. ఇది అంతర్జాతీయ ముఠా పని!"

"అంతర్జాతీయ ముఠాకి జాకెట్టు ముక్కలెందుకండీ?"

"నన్ను వేధిస్తున్న ప్రశ్న కూడా అదే."

"పోనీ, అక్కనడిగి చూద్దామా?"

"కేసు తేలేదాకా ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదు. ఆడవాళ్ళు కంగారు పడతారు."

ఆ సమయంలో చౌడేశ్వరమ్మ పై అంతస్తులో ఆడవాళ్ళతో కూర్చుని వేయించిన జీడిపప్పు తింటోంది. కంగారేమీ కనబడలేదు.

అప్పుడే దుప్పట్లు మార్చే మార్త తోపుడుబండి తోసుకుంటూ వచ్చింది. బండి కింది అరలో, సబ్బుల పక్కన, నెమళ్ళ కలంకారీ ముక్క మడత పెట్టి ఉంది. సాంబమూర్తి ఒక్క దూకు దూకాడు.

"పేరు?"

"మార్తండి. నిన్న చెప్పాను గదండి."

"ఈ గుడ్డ ఎక్కడిది?"

మార్త తలొంచుకుంది. "చెప్పలేనండి."

"చెప్పలేవా, చెప్పవా?"

"చెప్పనని మాటిచ్చానండి."

"ఎవరికి? ముఠా నాయకుడికా?"

"అయ్యో, నాయకుడేంటండీ!" మార్త చేతులు జోడించింది. "నేను దొంగని కాదండి. మా అమ్మాయి నర్సింగు చదువుతోంది. ఈ పని పోతే దాని చదువు ఆగిపోద్దండి."

కేకలు విని మేనేజరు పవన్‌కుమార్ టై సర్దుకుంటూ వచ్చాడు. "కంప్లెయింటు రాసివ్వండి సార్. సిగ్నల్ అందగానే ఓనరు మేడంకి వాట్సాప్‌లో పంపించేస్తాను. రేవులో దిగగానే ఈవిడ సంగతి చూస్తాం."

సాంబమూర్తి రెండు పేజీలు రాశాడు. అందులో పేజీన్నర తన తెలివితేటల గురించి.

హరిబాబు బావ చెయ్యి పట్టుకున్నాడు. "బావగారూ, కాస్త ఆగండి. ఆవిణ్ణి చూస్తే అలా లేదు."

"జాలి పరిశోధకుడికి శత్రువు. పైగా పంచెలు ఎత్తుకుపోయింది మగాడు. వాడు మళ్ళీ వస్తాడు. నేను బీరువాలో ఉంటాను. నువ్వు బాత్‌రూమ్‌లో ఉండు."

బీరువా వెడల్పుకంటే సాంబమూర్తి వెడల్పు రెండంగుళాలు ఎక్కువ. హరిబాబు భుజం పెట్టి తోస్తే తలుపు పడింది, కట్టుకున్న జరీ పంచె అంచు మాత్రం సందులోంచి బయటికి వేలాడుతూ ఉండిపోయింది. పావుగంట గడిచేసరికి బీరువా సన్నగా గురకపెట్టడం మొదలెట్టింది.

ఇంతలో కేబిన్ తలుపు తెరుచుకుంది. చౌడేశ్వరమ్మ లోపలికొచ్చింది. వెనకాలే, పడవ నడిపే సరంగు దుర్గాశంకర్ చుక్కాని సహాయకుడికి అప్పగించి వచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఉండు నాయనా, నీకో పంచె పెడతాను. రెండ్రోజులు మమ్మల్ని భద్రంగా తిప్పావు. ఉత్తచేతుల్తో పంపితే నాకు బాగుంటుందా?"

బాత్‌రూమ్‌లో హరిబాబు నోరు తెరిచేలోపే ఆవిడ బీరువా సందులో కనబడుతున్న జరీ అంచు పట్టుకుని లాగింది. రాలేదు. మంచం కోడుకు కాలు తన్నిపెట్టి రెండు చేతులతో లాగింది.

"దొంగ! దొంగ! దొరికాడు!" అని బీరువా అరిచింది.

తలుపు ఊడి, భూతద్దంతో సహా సాంబమూర్తి నేలమీద పడ్డాడు. పంచె చౌడేశ్వరమ్మ చేతిలో ఉంది. చారల డ్రాయరు ఒక్కటే డిటెక్టివుగారి పరువు కాపాడుతోంది. వంటవాళ్ళు, మేనేజరు, సగం మంది ప్రయాణికులు గుమ్మం దగ్గర పోగయ్యారు.

"ఇవన్నీ నువ్వే ఇచ్చావా?" అన్నాడు సాంబమూర్తి దుప్పటి చుట్టుకుంటూ.

"మరి? పైసా ఇవ్వొద్దన్నారు. ఇచ్చానా? మన మంచం దులిపి, మన ఎంగిలి కంచాలెత్తినవాళ్ళకి ఓ గుడ్డముక్క పెట్టకుండా పంపడం మా ఇంటావంటా లేదు. మార్తకి బొట్టు పెట్టబోతే మేం పెట్టుకోమమ్మా అంది. సరేనని ముక్క చేతిలో పెట్టాను. మా ఆయనకి చెప్పకమ్మా అని ఒట్టు పెట్టించుకున్నదీ నేనే."

హరిబాబు బయటికొచ్చి పొద్దుటి సంగతంతా చెప్పాడు. చౌడేశ్వరమ్మ మొహం పాలిపోయింది. "నాకిచ్చిన మాట కోసం ఆ పిల్ల దొంగ అనిపించుకుందా? మీకు నోరెలా వచ్చిందండీ?"

పవన్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "దొంగతనం కాకపోయినా మేడం, చేత్తో పుచ్చుకోవడం రూల్ ప్రకారం తప్పండి. కేబిన్‌లో కాగితం కూడా పెట్టాం."

"ఆ కాగితంలో టిప్పని ఉందిగానీ గుడ్డముక్కని లేదు గదయ్యా? సరే, తీసెయ్. మార్తతో పాటు వంటాయన్నీ తీసెయ్, ఈ సరంగునీ తీసెయ్. పడవ నువ్వు తోలుకో. రేవు చేరాక నిన్ను నువ్వు తీసేసుకో. నిన్న సాయంత్రం మీ ఆవిడకిమ్మని నీలం ముక్క ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకోలేదూ?"

పవన్‌కుమార్ టై వదులు చేసుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి చూసి నీరుగారిపోయాడు. "కానీ ఇందాక సిగ్నల్ రాగానే కంప్లెయింటు వెళ్ళిపోయిందండి. మేడం చదివేశారు కూడా. రాసినాయనే వెళ్ళి నోటితో చెప్పుకోవాలి."

మధ్యాహ్నానికి పడవ భవానీపురం చేరింది. ఒడ్డున గొడుగు కింద ఓనరు రాజ్యలక్ష్మిగారు నిలబడి ఉన్నారు. మార్త తన సంచి సర్దుకుని అందరికంటే వెనకాల దిగింది.

సాంబమూర్తి ముందుకెళ్ళాడు. "మేడం, ఈ కేసులో అనేక కోణాలున్నాయి..."

చౌడేశ్వరమ్మ దగ్గింది.

"అసలు ఆ కాగితంలో భాష..."

చౌడేశ్వరమ్మ మళ్ళీ దగ్గింది. సాంబమూర్తి వెనక్కి తిరిగి చూశాడు. మార్త సంచి గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. చేతిలోని భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. హరిబాబు ఒక అడుగు దగ్గరికి జరిగాడు. ముప్పై ఏళ్ళలో ఈ మనిషి నోట పొరపాటు అన్న మాట అతను వినలేదు.

"దొంగతనం జరగలేదండి" అన్నాడు సాంబమూర్తి చివరికి, మెల్లగా. "మా ఆవిడ ఇష్టంతో ఇచ్చింది. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఈవిడ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. అలాంటి మనిషిని పట్టుకుని నేను దొంగన్నాను. తప్పు నాదేనండి. క్షమించమ్మా మార్తా."

రాజ్యలక్ష్మిగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "మరి చేత్తో పుచ్చుకున్న సంగతో, పవన్‌కుమార్?" అని మేనేజరునడిగారు.

పవన్‌కుమార్ చూపు కృష్ణలోకి తిప్పేసుకున్నాడు.

"నా పెట్టెకున్న కన్నంలో జాకెట్టు ముక్క పట్టదులే" అన్నారు ఆవిడ. "మార్తా, మూడింటికి మళ్ళీ ట్రిప్పుంది. అన్నం తినేసి వచ్చెయ్."

మార్త సంచి కింద పెట్టేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చౌడేశ్వరమ్మ వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. హరిబాబుకు బావను చూస్తే మొదటిసారి గర్వంగా అనిపించింది.

ఆ గర్వం ఆటో ఎక్కేదాకా నిలిచింది.

"చూశావా హరీ?" అన్నాడు సాంబమూర్తి మూట ఒళ్ళో పెట్టుకుంటూ. "ఒక్క దెబ్బ వెయ్యకుండా, నలుగురి ముందూ, నేరస్థుడి నోటితోనే నేరం ఒప్పించాను. ఏ పోలీసువల్ల అవుతుంది చెప్పు?"

"ఎవరివల్లా కాదు బావగారూ" అన్నాడు హరిబాబు. "ముప్పై ఏళ్ళకి అసలు మనిషిని పట్టుకున్నారు."