మూడుసార్లు గీసిన కార్డు

నర్సీపట్నంలో బట్టల కొట్టు నడిపే అప్పలనరసింహం ఆ శుక్రవారం పొద్దున్నే లెక్క కట్టుకుని మరీ తలుపులు తీశాడు. గల్లాపెట్టెలో ముప్పై ఆరు వేలున్నాయి. సోమవారం వచ్చే మిల్లు ఏజెంటు చేతిలో అవి పడితేనే పెళ్లిళ్ల సీజనుకు సరుకు దిగుతుంది. పడకపోతే ఏడాదంతా ఈగలు తోలుకోవడమే. ఈలోగా రిటైరైన మిషన్ స్కూలు మాస్టారు వరదానం, తన కూతురు షర్మిల పెళ్లి బట్టలు కొనడానికి వస్తానన్నాడు. ఆయన ఎక్కడ కొంటే చర్చి వాళ్లంతా అక్కడే కొంటారు. ఆ లెక్కతోనే అప్పలనరసింహం బ్యాంకు వాళ్లనడిగి కార్డు మిషను పెట్టించాడు. అది ఫోను లైను మీద పనిచేస్తుంది. ఆ లైనుకే మేడమీద ఇంట్లో ఇంకో ఫోను ఉంది.

బట్టలు పద్దెనిమిది వేలయ్యాయి. కార్డు గీస్తే మిషను కీచుమంది. సరిగ్గా అప్పుడే మేడమీద ఆయన భార్య బాలాంబ, మాకవరపాలెంలోని చెల్లెలితో మాట్లాడదామని రిసీవరు ఎత్తింది. మిషను మూగబోయింది. రసీదు చీటీ రాలేదు.

"పోనీ, ఏటీఎంకెళ్లి నోట్లు తెస్తానండీ," అని లేవబోయాడు వరదానం.

"కూకోండి మాస్టారూ! బోణీ బేరం మజ్జిలో లేసిపోతే నా సీజనేటవ్వాలి?"

మళ్లీ గీశాడు. మళ్లీ రిసీవరు లేచింది.

"ఏవండీ! ఫోన్లో ఏదో కీచుమంటన్నాది. ఎలకేటైనా దూరిందేటి?"

"దూరింది నువ్వే! బేగి పెట్టీయే, కొంప ముంచకు!"

మూడోసారి చీటీ వచ్చింది. వరదానం సంతకం పెట్టి, మూటలు ఆటోలో వేసుకుని వెళ్లాడు. అరగంటకే తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నరసింహం గారూ, ఏటీఎంలో చూస్తే ఖాతాలో యాభై నాలుగు వేలు పోయాయండీ. వంటవాళ్లు అడ్వాన్సు కోసం ఇంటి దగ్గర కూచున్నారు. నేనేం చెప్పనండీ వాళ్లకి?"

బ్యాంకు నంబరుకు ఫోను చేస్తే సంగీతం వినిపించింది కానీ మనిషి పలకలేదు. అప్పలనరసింహం వేళ్ల మీద లెక్క వేశాడు. తన కొట్లో కొన్నవాళ్ల జేబులోంచి బయటపడ్డ రూపాయి తన పెట్టెలో కాక ఇంకెక్కడ పడుతుంది? మూడు పద్దెనిమిదులూ రేపటికి తన ఖాతాలో చేరతాయి. అదనంగా వచ్చిన రెండూ ఇప్పుడే ఇచ్చేస్తే చర్చి బేరం చెక్కుచెదరదు. గల్లా ఊడ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇంత సొమ్ము! ఎలా తీర్చనండీ?"

"తీర్సడవేటండీ? ఇది మీ డబ్బే. తిరిగిచ్చే మాటెత్తితే నా మీదొట్టే!"

వరదానం కళ్లు తుడుచుకున్నాడు. తన సొమ్ము తనకిస్తే ఏడుపెందుకో అప్పలనరసింహానికి అర్థం కాలేదు.

సోమవారానికి ఖాతాలో ఒక్క పద్దెనిమిదే పడింది. ఏజెంటు ఖాళీ గల్లా చూసి, సరుకంతా ఎదుటి కొట్లో దింపించాడు. అప్పలనరసింహం గుమ్మంలో నిలబడి ఆ బేళ్లన్నీ చూశాడు. బ్యాంకుకెళ్తే గుమస్తా తాపీగా చెప్పాడు: "చీటీ రాని డబ్బు మీకు రాదండీ. కార్డున్నాయనకే వెనక్కెళ్లిపోద్ది. మొన్ననే ఎళ్లిపోనాది."

రెండు వారాలు అడగలేక ఆగి, ఇక సిగ్గు పక్కన పెట్టి, అడిగేద్దామని చర్చిలో షర్మిల పెళ్లికి వెళ్లాడు. వరదానం దూరం నుంచే చూసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టాడు.

"నా డబ్బు పోయిందని తెలియగానే కాగితం కూడా రాయించుకోకుండా ముప్పై ఆరు వేలు చేతిలో పెట్టిన మనిషి ఈయన! తిరిగిస్తానంటే ఒట్టు పెట్టారు. బ్యాంకు నా డబ్బు నాకిచ్చేసింది. మరి ఈయన సొమ్ము నేనెలా ఉంచుకోను? ఈయన పేరు మీద చర్చికి టేకు బెంచీలు చేయించేశాను!"

చప్పట్లు మోగాయి. అప్పలనరసింహం దణ్ణం పెట్టాడు. "ఏదో, మీ అందరి దయండీ," అన్నాడు.

బెంచీలు గట్టివో కావో చూద్దామని ఒకదాని మీద కూర్చున్నాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.