దేవన్న పోసిన నిండు కప్పు

ఆ ఉదయం దేవన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. కెప్టెన్‌కు టీ ఇవ్వాలి, ఆయన రెండు గుక్కలు తాగి మెత్తబడగానే ఇంటికి పోయేందుకు చుట్టీ కాగితం ముందు పెట్టి సంతకం చేయించుకోవాలి. బిడ్డ పుట్టినప్పుడు దేవన్న ఊళ్లో లేడు, ఈ పరదేశంలోనే ఉన్నాడు. ఇప్పుడది అడుగులు వేస్తోందని భార్య సృజన ఉత్తరం రాసింది. ఇంకా ఆలస్యమైతే ఆ తప్పటడుగులు చూసే భాగ్యం ఉండదని అతని బెంగ.

గల్ఫ్ యుద్ధం ముగిసి ఏడాదయింది. అరబ్బు దేశంలో హాయిల్ పట్నం అవతలి ఎడారిలో, నడుస్తూ తుపాకీ పేల్చడం సైనికులకు నేర్పే శిబిరం అది. దేవన్న అక్కడ టీ పెట్టే మనిషి. నిలబడి కాలిస్తే ఆ సైనికుల గురికి తిరుగులేదు. నాలుగడుగులు వేస్తే మాత్రం గుళ్లన్నీ ఇసుక పాలే. కెప్టెన్ ముఖం ఆ పొద్దున మాడిన రొట్టెలా ఉంది.

దేవన్న పళ్లెంలో ఆరు నిండు గ్లాసులతో రాళ్లూ గుంటలూ దాటుకుంటూ వచ్చాడు. చుక్క తొణకలేదు. గీత కార్మికుల ఇంట పుట్టినవాడు, చిన్నప్పటి నుంచీ కల్లు కుండలు మోసిన నడక ఎక్కడికి పోతుంది? కెప్టెన్ టీ వంక చూడలేదు, అతని కాళ్ల వంక చూశాడు. మళ్లీ నడవమన్నాడు. ఆ నడకలోని మర్మం చెప్పమన్నాడు. చెప్పింది అరబ్బీలోకి మార్చే పని కడప డ్రైవర్ ఖాజావలి మీద పడింది.

"మోకాళ్లు జర వంచాలె. మడిమె ముందుగాల ఆనాలె. గ్లాసు దిక్కు సూడద్దు, పోయే దిక్కు సూడాలె," అన్నాడు దేవన్న.

మర్నాటి నుంచి నలభై మంది సైనికులు టీ గ్లాసులు పట్టుకుని ఎడారిలో బారులు తీరారు. వారం తిరిగేసరికి గ్లాసులు పోయి తుపాకులు వచ్చాయి, గుళ్లు అట్టబొమ్మల గుండెల్లో దిగాయి. ఇదే అదనని దేవన్న కాగితం చాపాడు. కెప్టెన్ ఆప్యాయంగా భుజం తట్టి, ఇంత గొప్ప గురువును ఎలా వదులుకుంటానంటూ దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. కొరివితో తల గోక్కున్నట్టయింది దేవన్న పని. నిజంగానే ఏడుపొచ్చింది.

ఈ విద్య చూడటానికి పెద్దాఫీసరు వస్తున్నాడన్న కబురు మోసుకొచ్చింది ఖాజావలే.

"ఆయన ముందర రోంత ఒలకబోయన్నా. గురువు పని ఊడిపోతాది."

"ఒలకబోస్తే నౌకరి గూడ ఊడ్తది గదనే."

"నువ్వు ఒలకబోయొద్దు. అంచు దాకా పోసుకో, అదే ఒలుకుతాది."

ఆ సలహా దేవన్నకు నచ్చింది. అయితే పెద్దాఫీసరుకు టీ కాదు, ఖహ్వా ఇవ్వాలట. ఎప్పుడూ కెప్టెన్ మనుషులే పోసే ఆ అరబ్బు కాఫీని, నడక చూపించడం కోసం ఆరోజు దేవన్న చేతికిచ్చారు. అతను చిన్న కప్పును అంచు దాకా నింపాడు. కావాలనే మోకాళ్లు బిగబట్టి, కప్పు వంకే చూస్తూ నడిచాడు. అలవాటు పడ్డ చెయ్యి మాత్రం మాట వినలేదు. నిండు కప్పు చుక్క తొణక్కుండా అతిథి చేతికి చేరింది.

 గుడారం మూలన నిలబడ్డ ఖాజావలి నెత్తి పట్టుకున్నాడు. మన దగ్గర నిండుగా పోస్తేనే మర్యాద. అక్కడ ఖహ్వా కప్పులో అడుగున కొంచెమే పోస్తారు, నిండా పోస్తే తాగి ఇక వెళ్లిపొమ్మని అర్థం.

పెద్దాఫీసరు మొత్తం తాగి, తనను వెళ్లిపొమ్మంటున్నది ఎవరని నెమ్మదిగా అడిగాడు. కెప్టెన్ గబుక్కున లేచాడు. నేరం తన మీదికి రాకుండా, వెళ్లాలన్న తొందర ఈ టీ మనిషిదేనని, ఇంటి ధ్యాసలో మతి చెడి మర్యాద మరిచాడని చెప్పేశాడు. మరైతే ఎందుకు పంపలేదని ఆఫీసరు అడిగాడు. సొరుగు తాళం తెరుచుకుంది, సంతకం అక్కడే పడింది.

పది రోజుల తర్వాత జగిత్యాల దగ్గరి తన ఇంటి అరుగు మీద దేవన్న కూర్చున్నాడు. బిడ్డ రెండు చేతులా గ్లాసు పట్టుకుని, మోకాళ్లు కర్రల్లా బిగబట్టి, గ్లాసు వంకే చూస్తూ వచ్చి నీళ్లన్నీ అతని కొత్త ప్యాంటు మీద పోసింది.

నడకలో వంక పెట్టడానికేమీ లేదని గురువుగారు తేల్చేశారు.