మా ఆవిడ సెలవు లెక్క

ఇంట్లో నన్ను లెక్కచేసేవాళ్ళు లేరు గానీ, మా పంపుల ఫ్యాక్టరీలో మూడొందల మంది సెలవులు లెక్కచేసేవాణ్ణి నేనే. ఇరవై రోజులు పనిచేస్తే జీతంతో ఒకరోజు సెలవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరవైతో భాగించడమే నా ఉద్యోగం. అందుకే ముందర ‘సార్’ అనేవాళ్ళు వెనకాల ‘ఇరవయ్యో ఎక్కం’ అంటారు.

మా ఆవిడ బట్టలు కుట్టే కంపెనీలో కాలర్లు కుడుతుంది. ఒకరోజు పొద్దున్న కాఫీతో పాటు తన హాజరు కార్డు కూడా నా ముందు పెట్టింది.

"నాకెన్ని రోజులు సెలవొస్తుందో చూసి చెప్పండి. అక్క దగ్గరికి వెళ్తాను."

వాళ్ళక్క ఊరికి ఒక పగలంతా బస్సులో కూర్చోవాలి. అక్కాచెల్లెళ్ళు రెండ్రోజులకు మించి కలిసుండి పదకొండేళ్ళయింది. వెళితే త్వరగా రాదని కార్డు చూడకుండానే చెప్పగలను. చూశాక భయమేసింది. రెండొందల ఎనభై రోజుల పని. అంటే పద్నాలుగు. నిరుడు వాడుకోనివి ఆరు. మొత్తం ఇరవై. మధ్యలో వచ్చే ఆదివారాలు సెలవు కింద లెక్కకు రావు కాబట్టి, ఇరవై మూడు రోజులు ఆవిడ ఇంట్లో ఉండదు. నేనుంటాను. మా నాన్న ఉంటాడు.

మా నాన్న రిటైరైన డ్రిల్లు మాస్టారు. భోజనం ఏడున్నరకైతే ఏడూ ఇరవై తొమ్మిదికి పళ్ళెం ముందు కూర్చుని గడియారం వంక చూస్తాడు. నాకు వచ్చిన వంట నీళ్ళు కాచడం ఒక్కటే. అదీ ఒక్కోసారి అడుగంటుతుంది.

అందుకని లెక్కకే కాస్త ఉప్పూకారం తగిలించాను.

"తొమ్మిది," అన్నాను.

"తొమ్మిదేనా?"

"పనిరోజుల్లోంచి ఏడాది ఆదివారాలు తీసేయాలి. నిరుటివి చెల్లవు. ఆలస్యంగా వెళ్ళినందుకు రెండు కోత. రూలు మరి."

"తమరు సెలవిచ్చాక ఇంకేముంది," అని కార్డు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ అంత సులువుగా ఒప్పుకుంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. సంతోషం వచ్చింది.

ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో ఆరుగురు ఆడవాళ్ళు. అందరి చేతుల్లోనూ హాజరు కార్డులే.

"మా కంపెనీ వాళ్ళు. మిమ్మల్ని మించి సెలవులు లెక్కకట్టేవాళ్ళు లేరని చెప్పాను," అంది మా ఆవిడ, చాప పరుస్తూ.

పొగడ్తకు పడిపోవడం మా వంశంలోనే ఉంది. కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను.

మొదట ఇస్త్రీ విభాగంలో చేసే అమ్మాయి వచ్చింది. చంకలో నాలుగు నెలల పాప.

"ప్రసూతికి వెళ్ళాను కదా అన్నయ్యా, ఈసారి నాకేమీ రాదన్నాడు మా సూపర్‌వైజరు. పాపని మా అమ్మకి చూపించాలి. ఆవిడ మంచం దిగలేదు."

కార్డు రెండుసార్లు చూశాను. ఇందులో ఉప్పూకారం కలపడానికి చెయ్యి రాలేదు.

"ప్రసూతి రోజుల మీద సెలవు పెరగదమ్మా. కానీ ఏడాదికి రెండొందల నలభై రోజులుండాలనే అర్హత చూసేటప్పుడు వాటినీ కలపాలి. కలిపితే నీకు అర్హత ఉంది. పనిచేసినవి రెండొందల రోజులు కాబట్టి పది రోజులు నీ హక్కు," అని లెక్కంతా కాగితం మీద రాసిచ్చాను.

ఆ అమ్మాయి కాగితం చదువుకుని కళ్ళు తుడుచుకుంది. పాప నా పెన్ను లాక్కుంది.

ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు.

"ఆదివారాలు తీసేయాలా అన్నయ్యగారూ?" అందొకావిడ.

"పనిరోజుల్లో అవి లేనేలేవు కదమ్మా, లేనివాటిని ఎలా తీస్తాం?"

"నిరుడు మిగిలినవి?"

"కలుస్తాయి."

"ఆలస్యంగా వెళ్తే కోత ఉంటుందా?"

"హాజరు పడితే పనిరోజే. అలా కోసేవాడికి లెక్కలు రావన్నమాట."

వంటింటి గుమ్మంలో మా ఆవిడ బుద్ధిగా తలూపుతోంది. ఆరో కార్డు అయ్యేసరికి ఇంకోటి వచ్చి ముందు పడింది. ఊపులో ఉన్నాను, పేరు చూడలేదు.

"రెండొందల ఎనభై. పద్నాలుగు. పాతవి ఆరు. ఇరవై. ఎవరిదమ్మా ఇది, అదృష్టవంతురాలు?"

"నాదేనండీ," అంది మా ఆవిడ.

ఆరుగురూ ఒకేసారి పైటకొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పక్కగదిలోంచి మా నాన్న, "మొన్న తొమ్మిదన్నావు కదరా," అన్నాడు. ఆయనకు మిగతా రోజుల్లో చెవుడు.

అందరూ వెళ్ళాక గదిలోకి వెళ్తే బ్యాగు సర్దేసి ఉంది. దాని మీద బస్సు టిక్కెట్లు, రానూపోనూ. వెళ్ళేది మర్నాడు పొద్దున్న. వచ్చేది ఇరవై మూడో రోజు. కొన్న తేదీ చూస్తే పదిరోజుల కిందటిది.

"సెలవు అప్పుడే మంజూరైంది," అంది.

"మరి నన్నెందుకు అడిగావు?"

"ఇన్నేళ్ళుగా అన్నం దగ్గర మీరు చెప్పేది ఆ లెక్కే కదా, నాకూ వచ్చు. వెళ్ళిరా అంటారేమోనని అడిగాను."

టిక్కెట్లు తీసినచోటే పెట్టాను.

"తొమ్మిదన్నారు. సరే, మీ తెలివి వాళ్ళకైనా పనికొస్తుందని పిలిచాను," అని బ్యాగు జిప్పు లాగింది.

మర్నాడు ఆ బ్యాగు మోసుకుంటూ బస్టాండుకు వెళ్ళాను. కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, "వెళ్ళిరా," అన్నాను. ఆలస్యంగానే అన్నాను, కానీ హాజరు పడినట్టే ఉంది. నవ్వింది.

బస్సు కదులుతుంటే తల బయటపెట్టి, "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. ఇందులో ఆదివారాలు తీసేయకండి," అంది.