ఇనుప నీళ్ళ వైద్యం

ఆ ఉదయం గచ్చుబాబు పెట్టుకున్న పని ఒక్కటే. క్లబ్బు ఈతకొలనులో క్లోరిన్ కలిపి, కార్యదర్శి వచ్చేలోపు స్థిమితంగా టీ తాగడం. కొలను అడుక్కీ గోడలకీ తెల్ల గచ్చు పూసింది అతనే. పూసింది మొదలు పొడుగాటి బ్రష్షుతో పూటపూటా రుద్దుతూ, పసిపిల్లను సాకినట్టు సాకాడు. సభ్యులు అతని అసలు పేరు ఏనాడో మరిచిపోయారు. ఇవాళే ప్రారంభం. కార్యదర్శి ముందే చెప్పి ఉంచాడు: "లోతు వైపు నాణెం వేస్తాను. బొమ్మో బొరుసో గట్టు మీంచి కనపడాలి. కనపడకపోతే రేపట్నుంచి మీరూ కనపడక్కర్లేదు."

క్లోరిన్ కలిపాడు. టీ గ్లాసు అందుకుని వెనక్కి తిరిగేసరికి కొలను కూడా టీ రంగులో ఉంది.

గచ్చుబాబు టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. తప్పెక్కడ జరిగిందో తెలుస్తూనే ఉంది. కొత్త గచ్చు కొలనును నింపడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే నీళ్ళు నిలిచిన చోట చార పడి, ఇక జన్మలో పోదు. కొలను నింపిన రోజు సగంలో కుళాయి నీళ్ళు ఆగిపోతే, చార పడుతుందన్న బెంగతో తోటలో బోరు మోటారు వేశాడు. ఆ బోరు నీళ్ళలో ఇనుముంది. ఇన్నాళ్ళూ కంటికి కనపడకుండా కరిగి ఉన్న ఇనుము, క్లోరిన్ తగలగానే తుప్పయి బయటపడింది. ఇప్పుడు మెల్లమెల్లగా తెల్ల గచ్చు మీద దిగుతోంది.

సరిగ్గా అప్పుడే క్యారేజీ పట్టుకుని అత్తగారు వచ్చారు. ఎదురుపడ్డవాళ్ళందరి చేతుల్లోనూ ఓ పుల్లటి మాత్ర పెట్టడం ఆవిడ అలవాటు. జలుబుకీ అదే, నీరసానికీ అదే, దిగులుకీ అదే.

"మొహం అలా వేలాడేశారేం బాబూ? ఇది చప్పరించండి."

"ఇనుము, అత్తయ్యగారూ. నీళ్ళనిండా ఇనుము," అని గొణిగాడు.

"ఏమిటీ రంగు?" అంది వెనక నుంచి కార్యదర్శి గొంతు.

గచ్చుబాబు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "ఇనుప నీళ్ళండీ. మా అల్లుడుగారు పట్టుబట్టి మరీ తెప్పించారు. డాక్టర్లు మాత్రలు రాసేది ఆ ఇనుము కోసమేగా. మోకాళ్ళకి ఇంకా మంచిది."

కార్యదర్శి నీళ్ళ వంక చూశాడు, తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు, ఆపైన బూట్లు విప్పాడు.

కబురు క్షణాల్లో పాకింది. కాసేపట్లో క్లబ్బు క్లబ్బంతా పీకల్లోతు నీళ్ళలో కళ్ళు మూసుకుని నిలబడింది. "లోపల ఏదో ఎక్కుతున్నట్టుందండీ," అన్నాడు పళ్ళ డాక్టరు. "అదే ఇనుము," అన్నాడు కార్యదర్శి భక్తిగా. గట్టు మీద గచ్చుబాబుకి ఏడుపొక్కటే తక్కువ. వీళ్ళ ఆరోగ్యం బాగుపడుతున్నకొద్దీ తన గచ్చు పచ్చబడిపోతోంది. బయటికి రమ్మంటే ఎందుకని అడుగుతారు. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది.

అత్తగారు మాత్రం గట్టు చుట్టూ తిరుగుతూ తలా ఒక మాత్ర పంచుతున్నారు. కార్యదర్శి చేతి తడికి మాత్ర జారి, నీళ్ళలో మొదటి మెట్టు మీద పడింది. తీసుకుందామని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

మాత్ర చుట్టూ మరక కరిగిపోతోంది. ముందు గుండీ అంత తెలుపు. చూస్తుండగానే అది సాసరంతయింది. ఎవరూ రుద్దలేదు, కడగలేదు. గచ్చు తనంతట తనే తెల్లబడుతోంది. నీళ్ళలో ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్న గచ్చుబాబు మోకాళ్ళ మీద కూలబడి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూశాడు.

"అత్తయ్యగారూ, ఈ మాత్రలో ఏముంది?"

"విటమిన్ సి. మీ పెళ్ళినాటి నుంచీ ఇస్తూనే ఉన్నాను. పూలకుండీలో పారెయ్యకుండా ఒక్కటి చప్పరించినా తెలిసేది."

అందర్నీ ఒడ్డెక్కించి, మందుల టోకు కొట్టు నుంచి అదే పొడి బస్తాతో తెప్పించి గట్టు వెంబడే చల్లాడు. ముందు మెట్లు తేలాయి, తర్వాత గోడలు, చివరికి లోతు వైపు నేల. అసలక్కడ నీళ్ళున్నాయా అన్నంత తేటగా నిలిచింది కొలను. గచ్చుబాబు కళ్ళు చెమర్చాయి. ఆ పులుపు గచ్చును తినెయ్యకుండా చాకలి సోడా కలిపాడు. ఇనుమును మళ్ళీ తుప్పు పట్టనివ్వని మందు పోశాకే క్లోరిన్ జోలికి వెళ్ళాడు.

కార్యదర్శి నాణెం వేశాడు. బొమ్మ పడింది. దాని ముక్కుతో సహా కనపడింది.

"మరి ఇనుమెక్కడికి పోయింది?" అన్నాడాయన.

ఎక్కడికీ పోలేదు, మళ్ళీ కంటికి కనపడకుండా ఆ నీళ్ళలోనే ఉంది. గచ్చుబాబు ఆ మాటే చెప్పబోయాడు.

"మీ ఒంట్లోకి," అన్నారు అత్తగారు.

కార్యదర్శి కమ్మీ పట్టుకోకుండా క్లబ్బు మెట్లెక్కి చూసుకున్నాడు. దిగి వచ్చి, చేతులు జోడించాడు. "అమ్మా, రేపట్నుంచి ఈ కొలను మీ చేతుల్లో పెడుతున్నాను. కావాలంటే మీ అల్లుణ్ణి సాయానికి ఉంచుకోండి."

మర్నాడు గచ్చుబాబు గట్టు మీద అత్తగారికి కుర్చీ వేసి, గొడుగు పాతి, ఇచ్చిన మాత్రను ఆవిడ ఎదుటే నిలబడి చప్పరించాడు.