చుక్కల గొడుగు

ఫోను మోగేసరికి సొలెన్ కుర్చీ ఎక్కి, నోట్లో రెండు మేకులు పట్టుకుని, వంటగది కిటికీకి కర్టెన్లు కడుతోంది. తెల్లటి గుడ్డ మీద చిన్నచిన్న నీలం పువ్వులు. పెళ్ళయ్యాక తను మోజుపడి కొన్న మొదటి వస్తువు అదే. ఆ ఉదయానికి ఆమె వేసుకున్న పథకం కూడా అంతే చిన్నది. కర్టెన్లు కట్టాలి, బ్లూబెర్రీ పళ్ళు పరిచిన టార్టు రొట్టె చెయ్యాలి, కొత్త మొగుడితో కిటికీ పక్కన కూర్చుని తినాలి.

"వదినా! నేను, రెమీని!" మరిది గొంతు ఫోనులోంచి దూకినట్టు వచ్చింది. "ఇవాళ మన ఊరు దగ్గరికొచ్చేసరికి నన్ను ముందుకి వదులుతారట! పెద్ద రైడర్లంతా సరేనన్నారు. మన గేటు ముందు ఆగి మామ్మకి ముద్దు పెట్టి పోతాను!"

సొలెన్ నోట్లో మేకులు రెండూ నేలమీద పడ్డాయి.

టూర్ అనే ఆ పెద్ద సైకిలు పందెంలో అదొక మర్యాద. దారిలో ఎవరి సొంత ఊరైనా తగిలితే మిగతావాళ్ళు వాణ్ణి కాస్త ముందుకి పోనిస్తారు. వాడు ఇంటివాళ్ళని ఒకసారి కావలించుకుని మళ్ళీ గుంపులో కలుస్తాడు. రెమీ పని మూడు వారాల పాటు తన జట్టు నాయకుడికి నీళ్ళ సీసాలు మోయడం. టీవీలో వాడు కనిపించేది ఎప్పుడైనా ఒకసారి, అదీ వీపు మాత్రమే. అలాంటివాడు ఇంటి ముందు ఆగుతాడంటే, పెంచిన మామ్మకి అంతకంటే ఏం కావాలి?

"అంత జనంలో మామ్మ నాకు కనబడద్దూ? గొడుగు పట్టుకోమను. ఆ గొడుగు కనిపిస్తే బ్రేకు వేసేస్తా. ఎక్కువసేపు ఉండనివ్వరు వదినా, వెనక తరుముకొస్తుంటారు." ఫోను పెట్టేశాడు.

గొడుగు తెల్లది, దానినిండా ఎర్ర చుక్కలు. కొండలెక్కడంలో మొనగాడికి ఇచ్చే చొక్కాలాగే ఉంటుంది. చిన్నప్పుడు మనవలిద్దరూ రోడ్డు పక్క జనంలో తప్పిపోతే ఆ గొడుగు చూసుకునే వెనక్కి వచ్చేవారు. అది ఇప్పుడూ తలుపు పక్కన వేలాడుతూనే ఉంది. లేనిది మామ్మే.

మామ్మ పైన కనుమ మీద ఉంది. చివరి మలుపులో మంచి చోటు ఎవరూ కొట్టేయకుండా, స్నేహితురాలి వ్యానులో నాలుగు రోజుల ముందే వెళ్ళి మకాం వేసింది. గొడుగు మరిచిపోయింది. ఫోను తీసుకెళ్ళింది గానీ, ఛార్జింగు వృథా అవుతుందని కట్టేసి పెట్టుకుంటుంది.

"క్లోవిస్!" అని అరిచింది సొలెన్.

ఆమె మొగుడు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. సంగతి వినగానే భార్యని ఎత్తి గిర్రున తిప్పాడు. తర్వాత తాళంచెవుల కోసం ఇల్లంతా గిర్రున తిరిగాడు.

"రోడ్డు మూసేలోగా వెళ్ళి మామ్మని తెచ్చేస్తా!"

"ఈ కర్టెను ఆ కొస పట్టుకుని వెళ్ళు, ఒక్క నిమిషం."

"సొలెన్, టూర్ మన ఇంటిముందు నుంచి పోతోంది! కర్టెన్లు వేస్తే ఎలా కనిపిస్తుంది?"

"జులైలో టూర్ జరిగే ఈ మూడు వారాలూ నాకు మొగుడు లేడని ముందే చెప్పి ఉంటే పెళ్ళి ఆగస్టులో పెట్టించేదాన్ని!"

ఈ మాట అతను వినలేదు. కారు అప్పటికే మలుపు తిరిగింది.

టార్టు పొయ్యిలోంచి తీసేసరికి మళ్ళీ ఫోను.

"నేను పైన ఇరుక్కుపోయా," అన్నాడు క్లోవిస్. వెనక జనం పాటలు. "నేనొచ్చిన వెంటనే రోడ్డు మూసేశారు."

"మామ్మ?"

"మామ్మ ఇక్కడ లేదు. రెమీ ఇంటి దగ్గర ఆగుతాడని రేడియోలో చెప్పారట. వినగానే అడవి దారిలో కిందకి నడుచుకుంటూ బయల్దేరిందట."

"ఒంటరిగానా? ఆ వయసులో? దారి తప్పితే?"

"తప్పదు. దారిలో బ్లూబెర్రీలు కనబడితే మాత్రం కూర్చుండిపోతుంది. నువ్వు ఎదురెళ్ళి లాక్కొచ్చెయ్. అవునూ, ఇక్కడ సాసేజీలు కాలుస్తున్నారు, భలే ఉన్నాయిలే."

సొలెన్ ఫోను వంక చూసి, దాన్ని పిండి డబ్బాలో పెట్టి మూత వేసింది.

అడవి దారి రోడ్డుకి అవతలి వైపు దిగుతుంది. వెళ్ళడం కష్టం కాదు. గేటు ముందు చోటు వదిలి వెళ్ళడమే కష్టం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం మడత కుర్చీలతో గేటు కమ్మీల దాకా వచ్చేశారు. నారింజ రంగు టోపీల కుటుంబం ఒకటి అప్పుడే సొలెన్ పూలకుండీని "కొంచెం జరపొచ్చా?" అని అడుగుతోంది. ఈ పూట అంగుళం వదిలితే అడుగు పోతుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి ఒడిల్ గారు తలుపు తెరుచుకుని బయటికొచ్చింది. ఆవిడకి టూర్ అంటే మంట. మామ్మ అంటే అంతకంటే మంట. సరిహద్దు మొక్కల కంచెని మామ్మ పొట్టిగా కత్తిరించేసిన రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"నా హైడ్రాంజియా పూల మీద ఎవరో ఉచ్చ పోశారు!" అంది ఒడిల్ గారు లోకానికంతా వినబడేలా.

"అయ్యో! ఒడిల్ గారూ, మీకు పుణ్యముంటుంది, ఈ గొడుగు పట్టుకుని మా గేటు ముందు కాస్త నిలబడండి. చోటు పోకుండా చూడండి చాలు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

"మీ మామ్మ యుగెట్ గొడుగా? నేనా? చచ్చినా ముట్టుకోను."

"టార్టులో సగం మీకే. ఇప్పుడే దించాను."

ఒడిల్ గారు గాలి పీల్చింది. టార్టు వాసన కిటికీలోంచి బాగానే వస్తోంది, కర్టెన్లు లేవు కదా. "నీ మొహం చూసి పట్టుకుంటున్నా. కొత్త పెళ్ళికూతురివి. ఆవిడకి చెప్పకు."

సొలెన్ రోడ్డు దాటి పరుగెత్తింది.

మామ్మ అడవి అంచులోనే దొరికింది. దుంగ మీద కూర్చుని ఉంది. పెదాలు నీలం, వేళ్ళు నీలం, ఎప్రాన్ నిండా పళ్ళు.

"వచ్చావా అమ్మాయ్. టార్టుకి సరిపోతాయేమో చూడు."

"టార్టు అయిపోయింది మామ్మా! రెమీ వచ్చేస్తున్నాడు!"

"వస్తాడ్లే. ముందు ప్రచారం బళ్ళు రావాలి, తర్వాత హెలికాప్టర్ రావాలి, ఆ తర్వాతే వాడు. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నాను?"

నిజంగానే వాళ్ళు రోడ్డు దగ్గరికి చేరేసరికి ప్రచారం బళ్ళు వచ్చేశాయి. పెద్ద కోడిపుంజు ఆకారంలో ఒకటి, జున్నుముక్క ఆకారంలో ఇంకొకటి. వాటి మీద నుంచి టోపీలూ బిస్కెట్లూ విసురుతున్నారు. సొలెన్ కాలు ముందుకి వేసింది. పోలీసాయన రెండు చేతులూ చాచాడు.

"దాటకూడదమ్మా."

"ఎదురుగా అదే మా ఇల్లండీ! రెండే అంగలు!"

"రెండు అంగల్లోనే చాలామంది చచ్చారు. అక్కడే ఆగండి."

"నేను రెమీ మామ్మని నాయనా," అంది మామ్మ.

"పొద్దుటి నుంచి మీరు నాలుగో మామ్మ."

మామ్మ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం వచ్చేదో గానీ, పైనుంచి ఎవరో విసిరిన టోపీ ఎగిరొచ్చి సరిగ్గా సొలెన్ తల మీద కూర్చుంది. అంత చిరాకులోనూ ఆమెకి ముచ్చటేసింది. ఊడిపోకుండా సర్దుకుంది కూడా. ఆ తర్వాత హెలికాప్టర్ చప్పుడు. ఆ తర్వాత జనం ఒక్కపెట్టున లేచి నిలబడ్డారు.

రెమీ ఒక్కడే వస్తున్నాడు. దుమ్ము కొట్టుకుపోయిన మొహం, నోరంతా నవ్వు. పక్కనే మోటారు సైకిలు మీద టీవీ కెమెరా. రోడ్డుకి అవతల, గేటు ముందు, చుక్కల గొడుగు నిటారుగా నిలబడి ఉంది.

"రెమీ!" అని అరిచింది సొలెన్.

"ఒరేయ్! ఇటురా! ఇటు!" అని అరిచింది మామ్మ. చేతులూపేసరికి ఎప్రాన్‌లో పళ్ళన్నీ పోలీసాయన బూట్ల మీద పడ్డాయి.

రెమీ బ్రేకు వేశాడు. సైకిలు దిగనైనా దిగకుండా గొడుగు కిందికి దూరి ఒక బుగ్గ మీద ముద్దు పెట్టాడు. రెండో బుగ్గ దగ్గర ఒక్క క్షణం ఆగిపోయాడు. కానీ ఒడిల్ గారు ఆగలేదు. కర్రలా బిగుసుకుపోయిన మనిషి కాస్తా రెండు చేతులూ వాడి మెడకి వేసి బావురుమంది. కెమెరా ఇంకా దగ్గరికొచ్చింది. నారింజ టోపీల వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. రెమీ రెండో ముద్దు కూడా పెట్టి, పెడలు తొక్కి, వెళ్ళిపోయాడు. వెనకే మిగతా గుంపంతా బర్రున గుడ్డ చింపినట్టు దూసుకుపోయింది. అంతే, రోడ్డు ఖాళీ.

మామ్మ రోడ్డు దాటి, ఒడిల్ గారి పక్కనుంచే నడిచి, ఇంట్లోకి వెళ్ళి, టార్టు ముందు కూర్చుని, కత్తి చేత్తో పట్టుకుంది.

"నా తప్పే మామ్మా," అంది సొలెన్. "గొడుగు ఆవిడకిచ్చింది నేనే."

"తెలుసు. కూర్చో."

పిండి డబ్బా మోగింది. "టీవీలో చూశాం!" అన్నాడు క్లోవిస్. "ఇక్కడ అందరూ ఏడ్చేశారు! ఈ మామ్మని దేశం మరిచిపోదు అన్నారు! కానీ సొలెన్, మామ్మకి ఒడిల్ గారి మొహం ఎలా వచ్చింది?"

ఎండ వాలాక రెమీ కూడా ఫోన్ చేశాడు. ఎవరో కాళ్ళు పిసుకుతున్నారేమో, మధ్యమధ్యలో మూలుగుతున్నాడు.

"మామ్మా, తిట్టకు. గొడుగు కిందికి దూరాకే తెలిసింది. కానీ ఆవిడ వదల్లేదు. 'నన్నెవరూ ఇంతవరకూ ఇలా పట్టుకోలేదు నాయనా, బాగా తొక్కు' అంది. అప్పుడు 'మీరు కాదండీ' అని ఎలా చెప్పను?"

మామ్మ కత్తి కింద పెట్టింది.

"ఇంకోటి," అన్నాడు రెమీ ఇంకా చిన్న గొంతుతో. "రేపు పందెం బయల్దేరే చోట మామ్మని మళ్ళీ చూపిస్తామంటున్నారు టీవీవాళ్ళు. అసలు మామ్మ వేరే ఉందని చెప్పబోయాను. వద్దట. ఏడ్చిన మామ్మే కావాలట."

కిటికీలోంచి పక్కింటి అరుగు కనబడుతోంది. ఒడిల్ గారు రెండు బుగ్గలూ కడుక్కోకుండా, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని కూర్చుని ఉంది. అది చూసి మామ్మ కత్తి మళ్ళీ అందుకుంది. టార్టు సరిగ్గా సగానికి కోసి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఒడిల్!"

కంచె కత్తిరించాక ఇదే మొదటి పిలుపు. గొడుగు ఉలిక్కిపడింది.

"నీ సగం ఇక్కడుంది, వచ్చి తిను. రేపు తెల్లారేసరికి అందరం బయల్దేరుతున్నాం, మంచి చోటు పట్టుకోవాలి. మామ్మగా నువ్వుండు. పక్కింటావిడగా నేనుంటాను. పక్కింటావిడకి కూడా ముద్దు పెట్టేదాకా వాణ్ణి సైకిలు ఎక్కనివ్వను. గొడుగు మాత్రం నాది."

సొలెన్ కుర్చీ ఎక్కి, సగం కట్టిన కర్టెను విప్పి, చేతుల్లో చాపి చూసుకుంది. నాలుగు మూలలా నాలుగు కర్రలు కడితే రోడ్డు పక్కన నలుగురికి నీడ అవుతుంది. కిటికీ ఎక్కడికీ పోదు, ఆగస్టులో చూసుకోవచ్చు.