సదయ్య ఇవ్వని నంబరు

ఆ శనివారం ఉదయం దయాసాగర్ ప్లాను చాలా చిన్నది. గని ఆఫీసులో హాజరు వేయించుకొని, గని కార్మికుడు గట్టయ్య రిటైర్మెంటు కంప్యూటర్‌కెక్కించి, సగం రోజు సెలవు పెట్టి భార్య రెజీనాతో పెద్దపల్లి బస్సెక్కాలి. కంప్యూటర్ సెక్షన్లో పన్నెండేళ్ళు పండిన మేధావి కనుక, కంప్యూటర్ పనిని గుమాస్తా సదయ్యకు అంటగట్టాడు.

"నేను రాసిన ప్రొసీజరున్నది సదయ్యన్నా. కంప్యూటర్ల దాని పేరు కొట్టి పిలిస్తే చాలు, రిటైర్మెంటు కాగితాలన్నీ అదే తీస్తది. గట్టయ్య కాక టోకెన్ నంబర్ కొట్టుడు మాత్రం మర్వకు."

"గట్టయ్య కాకకు నంబరెందుకు? గనిల ఆయన్ని ఎరుగనోడెవడు?"

సదయ్య నంబరు గడి ఖాళీగా వదిలేశాడు. కంప్యూటర్‌కు మాత్రం గట్టయ్య కాకా కాడు, బావా కాడు. నంబరు ఇవ్వకపోతే ఫలానా నంబరు తీసుకొమ్మని దయాసాగర్ ఆ పారామీటర్‌కు, అంటే ఆ గడికి, ముందే రాసిపెట్టాడు. పరీక్షించిననాడు గుర్తొచ్చింది తన నంబరే కనుక అదే రాశాడు. తర్వాత తీసేద్దామనుకున్నాడు. ఆ 'తర్వాత' రెండేళ్ళుగా రాలేదు.

సోమవారం గేటు దగ్గర గార్డు ఎల్లేశం అడ్డం నిలబడ్డాడు.

"సారూ, మీరు రిటైరయిన్రు. లోపలికి పోనియ్య."

"నాకింక నలభై ఏండ్లు గూడ నిండలే!"

"గది నాకెట్ల ఎర్క? లిస్టుల ఉన్నది."

ఇంటికొస్తే క్వార్టరు ఖాళీ చెయ్యమన్న నోటీసు. దాని వెనకే పూలదండతో పక్కింటి లస్మవ్వ.

"గీ వయసులనే అన్‌ఫిటయినవా బిడ్డా? ఏం రోగమచ్చె?"

రెజీనా ఏడుపందుకుంది. "పిల్లల బడి గీడనే ఉండె. క్వార్టర్ ఇడిసి ఏడికి పోవాలె?"

దయాసాగర్ ఆఫీసరుకు ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు.

"తప్పే అయ్యుంటదయ్యా," అన్నాడాయన జాలిగా. "సరిచేసెటోడు మనకు ఒక్కడే ఉండె. పాపం, మొన్ననే రిటైరయిండు."

చివరికి, ఇంకా డ్యూటీ చేస్తున్న గట్టయ్య పూచీ పడితే, విజిటర్ పాసు మీద లోపలికి రానిచ్చారు. దయాసాగర్ తనను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకునే ప్రొసీజరు పిలిచాడు. నంబరు మూడుసార్లు సరిచూసుకున్నాడు. ఆ ఆత్రంలో చేరిన తేదీ కొట్టడం మరిచాడు. తేదీ ఇవ్వకపోతే ఈనాటి తేదీ తీసుకొమ్మని అక్కడా తనే రాసిపెట్టాడు.

రెజీనాకు శుభవార్త చెప్పి ఫోన్ పెట్టేసేలోపు ప్రింటర్ ఇంకో కాగితం కక్కింది. దయాసాగర్ పన్నెండేళ్ళ సర్వీసు ఊడిపోయి, ఈరోజే చేరిన కొత్త ఉద్యోగి అయ్యాడు. రేపటి నుంచి కొత్తవాళ్ళ శిక్షణకు రావాలి. కంప్యూటర్ పాఠం చెప్పేది సదయ్య.